బస ఎవరికి దొరికింది? – బొంబాయి పాత హోటళ్లు చెప్పే చరిత్ర

చరిత్ర అనగానే మనకు కోటలు, యుద్ధాలు, రాజులు, ఒప్పందాలు గుర్తుకొస్తాయి. ఒక హోటలు కూడా చరిత్రకు సాక్ష్యమవుతుందంటే మొదట కొంత వింతగా ఉంటుంది. హోటలుకు మనం వెళ్లేది తినడానికి, పడుకోవడానికి, మర్నాడు బిల్లు కట్టి వెళ్లిపోవడానికి. కానీ ఒక్క విషయం ఆలోచించండి. ఊరుకాని ఊరిలో రాత్రి తలదాచుకోవడానికి చోటు అడిగిన మనిషిని లోపలికి రానిచ్చారా, గుమ్మంలోనే ఆపేశారా? ఈ ప్రశ్నకు ఒక్కొక్క కాలం ఒక్కొక్క జవాబు చెప్పింది. ఆ జవాబును బట్టి ఆ సమాజం ఎటువంటిదో తెలుసుకోవచ్చు.

ఈ పాఠంలో మనం బొంబాయి నగరంలోని రెండు పాత హోటళ్లను పరిశీలిద్దాం. ఒకటి వాట్సన్ హోటలు, రెండవది తాజ్‌మహల్ హోటలు. రెండింటి మధ్య నడిచి వెళ్లేటంత దూరమే. అయినా వాటి కథలు వేరు. వాటి నిర్మాణంలో విజ్ఞానశాస్త్రం ఉంది, వాటి గుమ్మాల దగ్గర సమాజ చరిత్ర ఉంది. ఈ రెండింటినీ కలిపి చదవడమే మన ఉద్దేశం.

సత్రం నుంచి హోటలు దాకా

మన దేశంలో బాటసారికి బస కల్పించడం కొత్త విషయం కాదు. పదహారవ శతాబ్దంలో షేర్షా తన రహదారుల వెంట సరాయిలు కట్టించాడు. దక్షిణాదిన రాజులు, జమీందారులు, వర్తకులు సత్రాలు కట్టించి మాన్యాలు ఇచ్చారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి 1831లో తిరిగివచ్చి, ఆ ప్రయాణాన్ని ‘కాశీయాత్ర చరిత్ర’గా మనకు మిగిల్చాడు. దారిలో ఏ ఊళ్లో ఏ వసతి ఉందో, నీరు ఎలా ఉందో, ఏ వస్తువు దొరుకుతుందో ఆయన శ్రద్ధగా రాసుకున్నాడు. ఆనాటి ప్రయాణికుడికి బస ఎంత ముఖ్యమైన విషయమో ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది.

సత్రంలో బసకు డబ్బు తీసుకోరు. అది ధర్మం కోసం, పుణ్యం కోసం నడిచేది. అయితే చాలా సత్రాల్లో ఎవరికి వంటశాల, ఎవరికి అరుగు, ఎవరికి ఆవరణ బయట చెట్టు నీడ అన్నది కులాన్ని బట్టి ముందే నిర్ణయమైపోయేది. డబ్బు తీసుకుని అన్నం పెట్టే పద్ధతి కూడా మనకు ఉంది. అదే పూటకూళ్ల ఇల్లు. ‘కన్యాశుల్కం’ చదివినవారికి పూటకూళ్లమ్మ గుర్తుండే ఉంటుంది. డబ్బుకు అన్నం అమ్మడం పరువైన పనిగా ఆనాటి సంఘం భావించలేదు. ఈ సంగతి మళ్లీ అవసరపడుతుంది, గుర్తుపెట్టుకోండి.

పందొమ్మిదవ శతాబ్దంలో ప్రయాణం స్వరూపమే మారిపోయింది. 1853లో బొంబాయి నుంచి ఠాణాకు మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. 1869 నవంబరులో సూయజ్ కాలువ తెరిచారు. దానితో ఐరోపా నుంచి వచ్చే ఓడ ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావలసిన అవసరం తప్పింది. 1870లో బొంబాయి, కలకత్తా నగరాలు రైలు మార్గంతో కలిశాయి. నెలల ప్రయాణం వారాల్లోకి, వారాల ప్రయాణం రోజుల్లోకి వచ్చింది. ఓడ దిగినవారికి రైలు ఎక్కేదాకా బస కావాలి. అలా రేవు పట్టణాల్లో పెద్ద హోటళ్లు వెలిశాయి. కలకత్తాలో గ్రేట్ ఈస్టర్న్ హోటలు 1840 ప్రాంతంలోనే మొదలైంది. కొలంబోలో గాల్ ఫేస్ హోటలు 1864లో వచ్చింది. బొంబాయిలో ఆ స్థానం వాట్సన్ హోటలుది.

ఇనుప అస్థిపంజరం

జాన్ వాట్సన్ బొంబాయిలో వస్త్ర వ్యాపారి. అతడి కోసం రోలండ్ మేసన్ ఆర్డిష్ అనే ఇంజనీరు ఈ భవనాన్ని రూపొందించాడు. లండన్‌లోని సెంట్ పాంక్రాస్ రైల్వే స్టేషను పెద్ద కప్పు నిర్మాణంలో పాలుపంచుకున్నవాడు ఇతడే. వాట్సన్ భవనం స్తంభాలు, దూలాలు ఇంగ్లండులో పోతపోసి, ఓడలో తెచ్చి, 1867–69 మధ్య ఇక్కడ బిగించారు. కొన్ని వస్తువులను మనం ఈ రోజు విడిభాగాలుగా కొని ఇంటికి తెచ్చి బిగించుకుంటాం కదా, అలాగే ఒక అయిదంతస్తుల భవనాన్ని బిగించారన్నమాట.

ఇందులో గమనించవలసిన భౌతికశాస్త్రం ఉంది. పాతకాలపు భవనంలో బరువును మోసేది గోడ. అంతస్తులు పెరిగేకొద్దీ కింది గోడ మందం పెరగాలి. మందం పెరిగితే కిటికీలు చిన్నవవుతాయి. ఇనుప చట్రం కట్టినప్పుడు బరువంతా దూలాల మీదుగా స్తంభాల్లోకి, స్తంభాల నుంచి పునాదిలోకి దిగుతుంది. గోడకు ఇక మోసే పని లేదు. అది ఎండనూ వాననూ ఆపే తెర మాత్రమే. కాబట్టి కిటికీలు విశాలంగా పెట్టుకోవచ్చు, చుట్టూ వసారాలు వేసుకోవచ్చు. తరువాతి కాలంలో వచ్చిన ఆకాశహర్మ్యాలన్నీ ఈ సూత్రం మీదే నిలబడ్డాయి.

అయితే పోత ఇనుముకు ఒక బలం, ఒక బలహీనత ఉన్నాయి. నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే లేదా వంచితే పగులుతుంది. పైగా సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ కలిసి ఇనుమును త్వరగా తుప్పు పట్టిస్తాయి. రంగు వేస్తూ, కీళ్లు చూస్తూ ఉన్నంతకాలం అటువంటి భవనానికి ప్రమాదం లేదు. చూసే చేయి లేకపోతే తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. ఈ భవనానికి చివరకు జరిగింది అదే.

వాట్సన్ గదుల్లో 1896

వాట్సన్ హోటలు యూరోపియన్లకు ప్రత్యేకించిన హోటలుగా పేరుపడింది. భారతీయులు అక్కడ ఉండేవారు, కాని అతిథులుగా కాదు. వంటవాళ్లుగా, బేరర్లుగా, నీళ్లు మోసేవాళ్లుగా, గుడ్డలు ఉతికేవాళ్లుగా ఉండేవారు.

1896 జనవరిలో అమెరికన్ రచయిత మార్క్ ట్వైన్ బొంబాయి వచ్చి ఈ హోటల్లో బస చేశాడు. మర్నాటి ఏడు ప్రచురించిన తన యాత్రా గ్రంథంలో ఆ బస గురించి రాశాడు. అక్కడి కాకుల గురించి ఆయన రాసిన హాస్యం చాలామందికి తెలుసు. దానికంటే ముఖ్యమైన సంగతి మరొకటి అదే పుస్తకంలో ఉంది. గది సర్దడానికి పనివాళ్లతో వచ్చిన ఒక యూరోపియన్, ఏదో చిన్న లోపానికి ఒక భారతీయ సేవకుణ్ణి దవడ మీద కొట్టాడు. ఆ సేవకుడు ఎదురు మాట్లాడలేదు, మౌనంగా భరించాడు. ఆ దృశ్యం చూడగానే ట్వైన్‌కు అమెరికాలో తన బాల్యం, అక్కడి బానిసల బతుకు గుర్తుకొచ్చాయి. ఎక్కడి మిస్సోరీ, ఎక్కడి బొంబాయి! కాని కొట్టిన చేయి, దెబ్బతిన్న మౌనం రెండుచోట్లా ఒకటేనని ఆయన గుర్తించాడు.

హోటలు రిజిస్టరులో అతిథుల పేర్లు ఉంటాయి, పనివాళ్ల పేర్లు ఉండవు. దెబ్బతిన్న ఆ సేవకుడి పేరు మనకు తెలియదు. ఒక అతిథి చూసి రాశాడు గనుక ఆ దెబ్బ మాత్రం చరిత్రలో నిలిచింది. చరిత్ర ఎవరి కలం నుంచి మనకు అందుతోందో ఎప్పుడూ గమనించాలి.

అదే సంవత్సరం జూలై 7న అదే హోటల్లో మరో సంఘటన జరిగింది. ఫ్రాన్సుకు చెందిన లూమియేర్ సోదరుల మనుషులు తమ సినిమాటోగ్రాఫ్ యంత్రంతో ఆరు పొట్టి చిత్రాలు ప్రదర్శించారు. మన దేశంలో కదిలే బొమ్మల మొదటి ప్రదర్శనగా దీన్ని చెబుతారు. టిక్కెట్టు ఒక రూపాయి. ఆనాడు ఒక కూలికి రూపాయంటే చిన్న మాట కాదు. వారం తిరగకుండానే ఆ ప్రదర్శన నావెల్టీ థియేటరుకు మారింది. అక్కడ నాలుగు అణాల టిక్కెట్టు కూడా పెట్టారు. పరదా పాటించే స్త్రీలకు విడిగా బాక్సులు ఏర్పాటు చేశారు. హోటలు గదిలో పుట్టిన సినిమా, గుమ్మం దాటి నాలుగు అణాల జనం దగ్గరకు వచ్చాకే మన దేశంలో వేళ్లూనుకుంది.

ఒక కథను ఎలా పరీక్షించాలి?

ఇప్పుడు రెండవ హోటలు దగ్గరకు వద్దాం. తాజ్‌మహల్ హోటలు గురించి మీరు విని ఉండే కథ ఇది. జంషెట్జీ టాటా ఒకనాడు వాట్సన్ హోటలుకు వెళ్లగా, భారతీయుడన్న కారణంతో ఆయన్ను లోపలికి రానివ్వలేదట. ఆ అవమానంతో ఆయన దానిని తలదన్నే హోటలు కట్టించాడట.

కథ బాగుంది. కాని చరిత్ర విద్యార్థి ఇక్కడ ఆగి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది జరిగిన కాలంలో రాసిన ఆధారం ఉందా? చెప్పేవారందరూ ఒకేలా చెబుతున్నారా? ఇది కాక వేరే కారణాలు కనిపిస్తున్నాయా? మొదటి ప్రశ్నకు, ఆనాటి రాతపూర్వక ఆధారాన్ని ఎవరూ చూపలేదు. రెండవ ప్రశ్నకు, కొందరు వాట్సన్ పేరు చెబితే మరికొందరు వేరే హోటలు పేరు చెబుతారు. మూడవ ప్రశ్నకు, వేరే కారణాలు గట్టివే ఉన్నాయి. 1896లో బొంబాయిని ప్లేగు ముంచెత్తింది. జనం ఊరు వదిలి పారిపోయారు, వ్యాపారం కుంటుపడింది. వాల్డెమార్ హాఫ్‌కిన్ అనే శాస్త్రజ్ఞుడు 1897 జనవరిలో ప్లేగు టీకాను మొదట తన మీదే ప్రయోగించుకున్నది ఈ నగరంలోనే. అటువంటి రోజుల్లో, 1898లో, జంషెట్జీ అపోలో బందరు దగ్గర సముద్రాన్ని పూడ్చి తీసిన నేలను లీజుకు తీసుకున్నాడు. తన నగరం మీద ప్రపంచానికి మళ్లీ నమ్మకం కలగాలన్నది ఆయన ఆలోచన. అందుకే చరిత్రకారులు కొందరు ఆ అవమానం కథను నమ్మరు.

మరి ఆ కథ ఇంతకాలం ఎందుకు నిలిచింది? ఆ ఒక్క సంఘటన జరిగిందో లేదో గాని, అటువంటివి ఎన్నో జరిగాయి కాబట్టి. దీనికి తిరుగులేని సాక్ష్యం గాంధీగారి ఆత్మకథలో ఉంది. 1893లో యువ బారిస్టరుగా ఆయన దక్షిణాఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గు చేరి, గ్రాండ్ నేషనల్ హోటలుకు బండి కట్టించుకుని వెళ్లాడు. మేనేజరు ఆయన్ను ఒక్క క్షణం పరికించి చూసి, గదులు ఖాళీ లేవని మర్యాదగానే చెప్పాడు. చివరకు ఒక భారతీయ వర్తకుడి దగ్గర బస దొరికింది. హోటల్లో గది ఇస్తారని ఎలా అనుకున్నావని అక్కడివాళ్లు నవ్వారు. అక్కడి భారతీయులకు ఆ నవ్వు అలవాటైపోయింది. గాంధీకి అలవాటు కాలేదు. తరువాతి కథ మీకు తెలిసిందే.

అంటే ఒక కథ అక్షరాలా రుజువు కాకపోయినా, ఆ కాలపు అనుభవాన్ని మోస్తూ ఉండవచ్చు. రెండింటినీ విడదీసి చూడగలగడమే చరిత్ర చదవడం.

జంషెట్జీ ఇంట్లోవాళ్ల స్పందన గురించి కూడా ఒక మాట చెప్పుకుంటారు. బెంగళూరులో విజ్ఞానశాస్త్ర సంస్థ, ఉక్కు కర్మాగారం, జలవిద్యుత్తు అంటూ పెద్ద పెద్ద ఆలోచనలు చేస్తున్న అన్న, చివరకు పూటకూళ్ల ఇల్లు పెడతాడా అని ఆయన సోదరి ఆశ్చర్యపోయిందట. డబ్బుకు అన్నం పెట్టడం మీద మన సంఘానికి ఉన్న చిన్నచూపు ఇక్కడా కనిపిస్తోంది చూడండి. కాని ఆ నాలుగు ఆలోచనల్లో ఆయన కళ్లారా చూసుకున్నది హోటలునే. 1903 డిసెంబరు 16న పదిహేడుగురు అతిథులతో తాజ్ తెరుచుకుంది. 1904 మే నెలలో ఆయన జర్మనీలో కన్నుమూశాడు. విజ్ఞానశాస్త్ర సంస్థ 1909లో, ఉక్కు 1912లో, జలవిద్యుత్తు 1915లో ఆయన తరువాతే సాకారమయ్యాయి.

హోటలు ఒక యంత్రశాల

తాజ్‌ను రూపొందించినవారు సీతారాం ఖండేరావు వైద్య, డి. ఎన్. మీర్జా అనే భారతీయ వాస్తుశిల్పులు. వైద్య మరణించాక డబ్ల్యు. ఎ. చేంబర్స్ అనే ఆంగ్లేయ ఇంజనీరు పని పూర్తి చేశాడు. ఈ భవనాన్ని పొరపాటున వెనుకది ముందు చేసి కట్టారని, అది చూసి వాస్తుశిల్పి ఆత్మహత్య చేసుకున్నాడని మరో కథ ఉంది. మనం ఇప్పుడే నేర్చుకున్న పద్ధతిలో దీన్నీ పరీక్షించవచ్చు. మొదట్లో ప్రధాన ద్వారం నగరం వైపు ఉండేది. గుర్రపు బళ్లు వచ్చేది ఆ వైపు నుంచే గనుక అది సహజం. రేవును చూసే అందమైన ముఖాన్ని గదులకు వదిలారు. ఇది పొరపాటు కాదు, ఆలోచన.

ఒకసారి విజ్ఞాన బోధన సదస్సుకు ముంబయి వెళ్లినప్పుడు, నిర్వాహకుల పుణ్యమా అని ఒక రాత్రి ఈ హోటలు పాత విభాగంలో బస చేసే అవకాశం నాకు కలిగింది. భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి కనుక గదిలోని తివాచీల కంటే మెట్ల బావి నన్ను ఎక్కువ ఆకర్షించింది. భవనం మధ్యలో, గుమ్మటం కింద, అంతస్తు తరువాత అంతస్తుగా మెట్లు పైకి వెళతాయి. వేడి గాలి తేలికై పైకి లేస్తుందని, దాని చోటులోకి చల్లని గాలి వస్తుందని మీరు సంవహనం పాఠంలో చదివారు. ఎత్తయిన ఖాళీ స్థలం, పైన గుమ్మటం, చుట్టూ వసారాలు ఉన్నప్పుడు భవనం తనంతట తాను ఊపిరి తీసుకుంటుంది. ఎయిర్ కండిషనర్లు లేని కాలంలో ఇటువంటి కట్టడమే చల్లదనానికి ఆధారం.

సాయంత్రం బయటకు వచ్చి గాలి ఎటు నుంచి వీస్తోందో చూశాను. ముందున్న నీటి మీద నుంచి వస్తుందనుకుంటాం. కాని అది తూర్పు వైపున్న రేవు. విశాలమైన అరేబియా సముద్రం హోటలు వెనుక, పడమర వైపున ఉంది. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది, కాబట్టి సముద్రం నుంచి నేల వైపు గాలి వీస్తుంది. ఆ గాలి వచ్చేది పడమర నుంచి. హోటలు రెండు చేతులూ చాచి తెరిచి ఉన్నది కూడా పడమర వైపే. వెనుకది ముందు చేసి కట్టారన్న కథకు ఆ గాలి కూడా ఒక జవాబే.

జంషెట్జీ విదేశాలు తిరిగి సామగ్రి స్వయంగా ఎంచుకున్నాడు. విద్యుత్ పరికరాలు జర్మనీ నుంచి, పంకాలు అమెరికా నుంచి, ఇనుప స్తంభాలు పారిస్ నుంచి వచ్చాయి. హోటలుకు సొంత జనరేటర్లు, లిఫ్టులు, లాండ్రీ యంత్రాలు, సోడా, ఐస్ తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేవి. ఐస్ సంగతి చూడండి. 1830లలో మన రేవు పట్టణాలకు ఐస్ అమెరికాలోని చెరువుల నుంచి, రంపపు పొట్టులో కప్పి, నాలుగు నెలలు ఓడలో ప్రయాణం చేసి వచ్చేది. డెబ్బయ్యేళ్లు గడిచేసరికి అది హోటలు ఆవరణలోనే యంత్రం మీద తయారవుతోంది. ద్రవం ఆవిరైనప్పుడు పరిసరాల నుంచి వేడిని తీసుకుంటుందన్న చిన్న సూత్రం ఒక ఖండాంతర వ్యాపారాన్నే మూసివేసింది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఈ హోటలును 600 పడకల ఆసుపత్రిగా మార్చారు. ఒక విలాస భవనం ఆసుపత్రిగా ఎలా పనికొచ్చింది? ఆలోచిస్తే ఆశ్చర్యం లేదు. గాలి ఆడే గదులు, ఆగని నీరు, కరెంటు, ఐస్, రోజూ వందల దుప్పట్లు ఉతికే లాండ్రీ, వందల మందికి వంట. అతిథికి కావలసినవీ రోగికి కావలసినవీ చాలావరకు ఒకటే.

ఇంత పెద్ద కట్టడానికి రాళ్లు మోసినవారు, సున్నం కలిపినవారు ఎవరు? వాళ్ల పేర్లు మనకు దొరకవు. ఒక్క సంగతి మాత్రం చెప్పవచ్చు. పద్దెనిమిదవ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల కూలీలు బొంబాయి నిర్మాణ పనులకు వలస వెళ్లారు. వాళ్లను అక్కడ కామాఠీలు అనేవారు. వాళ్లు ఉన్న పేటే కామాఠీపుర అయింది. ఆ నగరపు కట్టడాల్లో తెలుగువారి చెమట కూడా ఉంది.

గుమ్మం దగ్గర

తాజ్‌లో మొదటి నుంచీ భారతీయులూ యూరోపియన్లూ ఇద్దరూ అతిథులే. ఆనాడు కొన్ని క్లబ్బులు భారతీయులను సభ్యులుగా చేర్చుకోని నగరంలో ఇది చిన్న విషయం కాదు. సంస్థానాధీశులు వచ్చారు, వర్తకులు వచ్చారు, తరువాత జాతీయ నాయకులు వచ్చారు. హైదరాబాదులో పుట్టి పెరిగిన సరోజినీ నాయుడు బొంబాయిలో ఉన్నప్పుడు తరచు తాజ్‌లోనే బస చేసేది. ఆమె గది జాతీయోద్యమ నాయకులు కలుసుకునే చోటుగా ఉండేది. హోటలు ఎదుట 1924లో గేట్‌వే ఆఫ్ ఇండియా పూర్తయింది. బ్రిటిషు చక్రవర్తి రాకకు గుర్తుగా కట్టిన ఆ ద్వారం గుండానే 1948 ఫిబ్రవరిలో చివరి బ్రిటిషు దళం వెళ్లిపోయింది.

ఇక్కడితో కథ ముగిస్తే సుఖంగానే ఉంటుంది. తెల్లవాళ్లు తలుపు మూశారు, మనవాళ్లు తెరిచారు అనుకుని సంతోషించవచ్చు. కాని అది సగం చరిత్రే. 1917లో, అంటే తాజ్ తెరిచిన పద్నాలుగేళ్ల తరువాత, ఒక యువకుడు బరోడా స్టేషనులో రైలు దిగాడు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలోనూ, ఆపై లండన్‌లోనూ చదివి, బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరడానికి వచ్చాడు. ఆయన డాక్టర్ భీమరావు అంబేద్కర్. ఎక్కడ దిగాలన్నదే ఆయన ముందున్న ప్రశ్న. హిందూ హోటళ్లలో తన కులం తెలిస్తే ఉండనివ్వరు. పార్సీల వసతి గృహం ఒకటి ఉందని తెలిసి, అక్కడ పార్సీ పేరుతో ఉన్నాడు. నిజం బయటపడిన రోజు కర్రలు పట్టుకుని కొందరు వచ్చి ఆయన్ను వెళ్లిపొమ్మన్నారు. ఒక హిందూ మిత్రుడు, ఒక క్రైస్తవ మిత్రుడు కూడా తమ ఇంట చోటు ఇవ్వలేకపోయారు. ఆయన ఒక తోటలో కూర్చుని రైలు వేళ వరకు గడిపి, ఆ ఉద్యోగాన్నీ ఊరినీ వదిలి వెళ్లాడు. ఈ సంగతి ఆయన స్వయంగా రాసుకున్నది.

జోహాన్నెస్‌బర్గులో గాంధీకి గది లేదన్నది పరాయివాళ్లు. బరోడాలో అంబేద్కర్‌కు గది లేదన్నది మనమే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవకపోతే మన చరిత్ర మనకు అర్థం కాదు.

1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగంలో 15వ అధికరణం తెరిచి చూడండి. దాని రెండవ ఖండం ప్రకారం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా దుకాణాలకు, భోజనశాలలకు, హోటళ్లకు, వినోదస్థలాలకు వెళ్లకుండా ఏ పౌరుణ్ణీ ఆపరాదు. ఆ వెంటనే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు కూడా పేర్కొన్నారు. రాజ్యాంగం వంటి మహాగ్రంథంలో హోటలు అన్న మాట ఎందుకు వచ్చిందని ఎవరైనా అడిగితే మీరు ఇప్పుడు జవాబు చెప్పగలరు. ఆ మాట వెనుక బరోడా తోటలో గడిచిన ఆ పూట ఉంది. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం హోటళ్లతో పాటు ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానాలను కూడా పేరుపేరునా ప్రస్తావించింది. మన పల్లెల్లో టీ కొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఆ చట్టం వచ్చాక కూడా చాలాకాలం సాగింది. చట్టం రాగానే గుమ్మం తెరుచుకోదు. తెరవమని అడగడానికి మాత్రం హక్కు వస్తుంది.

నేడు మిగిలిన గుమ్మం ధర. తాజ్‌లో ఒక రాత్రి అద్దె మనలో చాలామందికి అందేది కాదు. కులం చూసి ఆపడం, డబ్బు చూసి ఆపడం ఒకటి కాదు. అయినా రెండూ గుమ్మాలే అన్నది మరచిపోకూడదు. మన హైదరాబాదులో పైగా వంశీయుడు వికారుల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా ప్యాలెస్ 2010లో హోటలుగా మారింది. ఒకప్పుడు ప్రభువుల అతిథులకే తెరిచిన తలుపు ఇప్పుడు డబ్బు కట్టినవారికి తెరుచుకుంటోంది. ఇది కూడా మార్పే. ఎంత మార్పు అన్నది మీరు చర్చించండి.

రెండు భవనాల గతి

2008 నవంబరు 26 రాత్రి ముంబయిలో పలుచోట్ల ఉగ్రవాదులు దాడి చేశారు. సుమారు అరవై గంటలు సాగిన ఆ దాడుల్లో 166 మంది చనిపోయారు. తాజ్ గుమ్మటం కింద మంటలు లేవడం దేశమంతా టెలివిజన్‌లో చూసింది. ఆ రాత్రి హోటలు సిబ్బంది అతిథులను వంటగదుల దారుల్లో, సేవకుల మెట్ల మీదుగా బయటకు చేర్చారు. కొందరు ఆ పనిలోనే ప్రాణాలు కోల్పోయారు. 1896లో వాట్సన్ గదిలో మౌనంగా దెబ్బ తిన్న సేవకుణ్ణి ఇక్కడ తలచుకోండి. అతిథుల కంటికి కనపడకూడదని కట్టిన దారులే ఆ రాత్రి అతిథుల ప్రాణాలు కాపాడాయి.

ఇంకొక మాట. అదే రాత్రి ఛత్రపతి శివాజీ రైల్వే స్టేషనులో యాభైమందికి పైగా సామాన్య ప్రయాణికులు మరణించారు. కెమెరాలు ఎక్కువసేపు నిలిచింది హోటలు ముందే. ఏ ప్రాణానికి ఎంత జ్ఞాపకం దక్కుతుందన్నది కూడా చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్నే.

తాజ్ పాత విభాగాన్ని బాగుచేసి 2010 ఆగస్టు 15న తిరిగి తెరిచారు. వాట్సన్ హోటలు మాత్రం 1960లలో హోటలుగా మూతపడి, చిన్న చిన్న గదులుగా విడిపోయి, ఎస్ప్లనేడ్ మాన్షన్ అన్న పేరుతో ఆఫీసులకు, కుటుంబాలకు అద్దెకు వెళ్లింది. 2005లో దాని ముఖభాగం కొంత కూలింది. ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న 100 కట్టడాల జాబితాలోకి దాని పేరు ఎక్కింది. 2019లో ప్రమాదకరమని చెప్పి అందులో ఉన్నవారిని ఖాళీ చేయించారు. కూల్చాలా, నిలపాలా అన్న వాదన న్యాయస్థానం దాకా వెళ్లింది.

కొందరు అడుగుతారు. భారతీయులను రానివ్వని హోటలును మనం ఎందుకు కాపాడాలి? నా అభిప్రాయం ఇది. ఆ ఇనుప చట్రం ఇంజనీరింగు చరిత్రలో ఒక మెట్టు. అందులోనే మన దేశపు తెర మొదట వెలిగింది. ఆ గుమ్మం నిలిచి ఉంటేనే, అది ఒకప్పుడు ఎవరికి మూసి ఉండేదో రేపటి పిల్లలకు చూపించగలం. కూల్చేస్తే అవమానం చెరిగిపోదు, సాక్ష్యం చెరిగిపోతుంది.

విద్యార్థులారా, ఇందుకోసం మీరు ముంబయి దాకా వెళ్లనవసరం లేదు. మీ ఊళ్లో పాత సత్రమో, ముసాఫిర్‌ఖానానో, ట్రావెలర్స్ బంగళానో, రైల్వే విశ్రాంతి గదో ఉంటుంది. దానిని ఎవరు కట్టించారు, ఏ సామగ్రితో కట్టారు, గాలి, వెలుతురు ఎలా వస్తున్నాయి, నీరు ఎక్కడి నుంచి వచ్చేది, అక్కడ పనిచేసినవారు ఎవరు, ఎవరిని రానిచ్చారు, ఎవరిని రానివ్వలేదు – ఈ ఏడు ప్రశ్నలు పట్టుకుని మీ ఊరి పెద్దవాళ్లను కదిలించండి. విన్న ప్రతి కథనూ రాసుకోండి. రాసుకున్నాక పరీక్షించండి. మీ ఊరి చరిత్రలో ఇంకా ఎవరూ రాయని పేజీ ఒకటి మీ నోటుపుస్తకంలోకి వస్తుంది.